తరుగు లేకుండ బత్తాయి ఎవరు కొంటరు మేడం? నిజం లెక్కల గురించి సలహా కావాలి

లెక్కల టీచర్, హాలియా వైపు:

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఎనిమిదో తరగతికి నిష్పత్తులు, శాతాలు నడుస్తున్నాయి. పుస్తకంలో లెక్కలు పిల్లలకు పట్టడం లేదని, మన పంటతోనే ఒకటి తయారు చేసి బోర్డు మీద రాశాను. "ఒక రైతు 3 టన్నుల 400 కిలోల బత్తాయి అమ్మాడు. టన్ను ధర 22,000 రూపాయలు. అతనికి ఎంత వస్తుంది?"

ముందు బెంచీల వాళ్లు 74,800 అని చకచకా చేసేశారు. వెనక కూర్చునే ఒక అబ్బాయి మాత్రం పెన్ను ముట్టలేదు. సెలవొస్తే తోటలో ఉండే పిల్లాడు, లెక్కల్లో ఎప్పుడూ మార్కులు రావు. ఏం నాయనా రాయట్లేదు అంటే, "తరుగు ఎంత పట్టిండ్రో చెప్పలేదు మేడం" అన్నాడు. (తరుగు అంటే కొనేవాళ్లు తూకంలో కొంత తీసేసి మిగతాదానికే డబ్బు కట్టడం.) తరుగు లేదనుకో అన్నాను. "తరుగు లేకుండ బత్తాయి ఎవరు కొంటరు మేడం?" అన్నాడు. వెంటనే ఒక అమ్మాయి అందుకుంది: "కోత కూలి మనదా, సేటుదా?" ఇంకొకడు, "పైసలు అప్పుడే ఇస్తడా, తర్వాతనా?" ఆ కాసేపు క్లాసులో నా అవసరమే లేదు, వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. మళ్లీ పుస్తకంలోని లెక్కకు వచ్చేసరికి ఎప్పటిలాగే తల వంచి, అంకెలు ఏరి, గుణించి, జవాబు కింద రెండు గీతలు గీశారు.

ఇంకోటి. విహారయాత్ర లెక్క ఇచ్చాను: 130 మంది పిల్లలు, బస్సుకు 48 మంది, ఎన్ని బస్సులు కావాలి? కొందరు "2, శేషం 34" అని రాసి ఊరుకున్నారు. కొందరు 3 అన్నారు. ఒకడు మాత్రం "రెండు చాలు మేడం, ఇద్దరి సీట్లో ముగ్గురం కూసుంటం" అన్నాడు. వాడికి మార్కు వేయాలా వద్దా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను.

ఊరి పేరు, పంట పేరు పెట్టినంత మాత్రాన లెక్క నిజమైపోదని తెలుస్తోంది. మరి దేనివల్ల అవుతుంది? నిజంగా ఉండే వివరాలన్నీ తెస్తే అసలు నేర్పాల్సిన శాతం పక్కకు పోదా? వచ్చే వారం వడ్డీ పాఠం. మా పిల్లల ఇళ్లలో మిత్తికి తెచ్చిన అప్పులు లేని ఇల్లు తక్కువ. ఆ పాఠం వాళ్లకు అవసరమే, కానీ ఎక్కడ మొదలుపెట్టాలన్నా టెన్షన్‌గా ఉంది. క్లాసులో చేసి చూసినవాళ్లు చెప్పండి.

బత్తాయి రైతు, నిడమనూరు మండలం:

మేడం, నేను టీచర్ను కాదు. మా పాప ఏడో తరగతి. మీ క్లాసు పిల్లాడు అడిగింది న్యాయమైన ప్రశ్న, అందుకే రాస్తున్నా.

ధర ఎప్పుడూ టన్నుకే చెప్తరు. చేతికొచ్చేది వేరే. నిరుడు మా తోటకు ఇద్దరు బేరగాళ్లు వచ్చారు. ఒకాయన టన్ను 22,000, టన్నుకు క్వింటా తరుగు అన్నాడు. ఇంకొకాయన 20,000, తరుగు లేదు అన్నాడు. వినడానికి మొదటాయనది పెద్ద ధర. మా ఇంటామె గడప మీద కూర్చునే చెప్పింది, "ఆయన తొమ్మిది క్వింటాళ్లకే పైసలిస్తడు, టన్నుకు 19,800 పడ్తది" అని. టన్నుకు 200 తేడా. మీ లెక్కలో ఉన్న 3 టన్నుల 400 కిలోలకు 680 రూపాయలు.

ఇక్కడితో అయిపోలేదు. కోత కూలి రెండో ఆయన మా మీద వేశాడు, మొదటాయన తానే మనుషుల్ని తెచ్చుకుంటానన్నాడు. రెండో ఆయన డబ్బు అక్కడికక్కడే, మొదటాయన పదిహేను రోజులకు. మేం రాత్రంతా మాట్లాడుకున్నాం. మా ఇంట్లో పెద్దల్లో చదువుకున్నది నేనొక్కడినే, కానీ ఆ రాత్రి అందరం లెక్కలు చేశాం. పిల్లలకు "ఎంత వస్తుంది" అని కాకుండా "ఎవరికి అమ్మాలి" అని అడగండి. అది మాకు ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న.

పదో తరగతికి చెబుతాను, మిర్యాలగూడ:

నేను కొంచెం వేరుగా ఆలోచిస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు. "తరుగు లేదనుకో" అని మీరు అనడంలో లోపం ఏమీ లేదు. లెక్కల్లో పిల్లవాడు నేర్చుకోవాల్సిన పెద్ద విషయమే అది, అక్కర్లేనిది పక్కన పెట్టి చూడడం. అన్నీ ఒకేసారి పెట్టుకుంటే దేన్నీ కదిలించలేం. తరుగు, కూలి, లారీ కిరాయి అన్నీ కలిపి లెక్క ఇస్తే నా క్లాసులో సగం మంది అక్కడే ఆగిపోతారు, వాళ్లకు ఇంకా దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో తెలియదు. సిలబస్ ఉంది, పరీక్ష ఉంది, పరీక్షలో బేరగాళ్లు రారు. ముందు శాతం చేతికి రావాలి. ఆ తర్వాత ఇలాంటివి ప్రాజెక్టు పనిగా ఇస్తే ఎఫ్ఏ (ఏడాది మధ్యలో బడిలోనే వేసే) మార్కులకూ పనికొస్తాయి, పీరియడ్లూ పోవు.

ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తాను, మహబూబ్‌నగర్:

పైన మిర్యాలగూడ సారు చెప్పింది సగం ఒప్పుకుంటాను. వదిలేయడం నేర్పాల్సిందే. అయితే ఏది వదిలేయాలో ఎవరు తేలుస్తున్నారన్నదే ప్రశ్న. టీచర్ "లేదనుకో" అంటే పిల్లవాడికి అది ఇంకో ఆజ్ఞ. "తరుగు లేదనుకుంటే ఇంత, క్వింటా పడితే ఇంత" అని వాడే రాస్తే అది గణితం.

మేడం, పిల్లలు అంకెలు ఏరుకోవడం మీ బడి ఒక్కదానిలో ఉన్నది కాదు. 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్లో చిన్న తరగతుల పిల్లలను ఇలా అడిగారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒకటి చేసి వయసు రాశారు. వాళ్లు తెలివితక్కువ పిల్లలు కారు. బడిలో అడిగిన ప్రశ్నకు జవాబు ఉండి తీరుతుందని, ఇచ్చిన అంకెలన్నీ వాడాలని అప్పటికే నేర్చుకున్నారు.

మీ బస్సు లెక్క కూడా పాతదే. 1980ల మొదట్లో అమెరికాలో దేశమంతా పెట్టిన పరీక్షలో 13 ఏళ్ల పిల్లలకు వచ్చింది: 1,128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు? నూటికి 29 మంది "31, శేషం 12" అని రాశారు. 32 అన్నవాళ్లు 23 మందే. భాగహారం చాలామందికి వచ్చు. కానీ ఆ శేషంలో ఉన్నది మనుషులని ఎవరూ వాళ్లకు గుర్తు చేయలేదు.

అందుకే మీ "ముగ్గురం కూసుంటం" అబ్బాయిని వదులుకోవద్దు. ఇద్దరి సీట్లు 24, సీటుకు ముగ్గురంటే బస్సుకు 72, రెండు బస్సులకు 144. 130 మంది పడతారు. లెక్క తప్పలేదు, షరతు మార్చాడు, అంతే. ఆ షరతును నోట్సులో రాయించండి. నాగార్జునసాగర్ దాకా అలా వెళ్లడం పిల్లలకు క్షేమమేనా, మూడో బస్సు కిరాయి తలకు ఎంత పడుతుంది అని తర్వాత అడగండి. మార్కు తప్పకుండా వేయండి.

వెనక బెంచీ అబ్బాయి గురించి ఒక మాట. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో అమ్ముకునే పిల్లలపై చేసిన అధ్యయనం 1985లో వచ్చింది. 35 క్రూజేరోల (అప్పటి బ్రెజిల్ డబ్బు) కొబ్బరికాయలు పది కావాలంటే ఒక పిల్లాడు ఇలా లెక్కేశాడు: మూడు 105, ఇంకో మూడు కలిస్తే 210, ఇంకో మూడు 315, ఇంకోటి, 350. బజారులో ఆ పిల్లలు నూటికి 98 సరిగ్గా చెప్పారు. అవే లెక్కలు కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37కు పడిపోయాయి. కథగా ఇస్తే 74. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను చూసి 2025లో ప్రచురించిన పరిశోధన దీనికి ఇంకో వైపు కూడా చూపించింది. బజారు పిల్లలు బడి లెక్కల దగ్గర ఆగిపోయారు, బడి పిల్లలు బజారు లెక్కల దగ్గర ఆగిపోయారు. ఒకటి వస్తే రెండోది దానంతట అది రాదు.

మేడం, మీ గదిలో ఆ రెండు రకాల పిల్లలూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆ అబ్బాయి నోటితో చెప్పిన తరుగును బోర్డు మీద 22,000 × 90/100 అని మీరు రాయాలి. ముందు బెంచీ అమ్మాయి రాసిన దాన్ని వాడు "టన్నుకు తొమ్మిది క్వింటాళ్లే" అని చదివి చెప్పాలి. ఈ రాకపోకల కోసం పీరియడ్ ఖర్చయితే అవనివ్వండి.

రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్, జడ్చర్ల దగ్గర:

నాకు తెలిసిన గుర్తు ఒకటే. జవాబు వచ్చాక ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాల్సి ఉంటే అది నిజం లెక్క. జవాబు వచ్చి పుస్తకం మూసేస్తే, అందులో బత్తాయి ఉన్నా బంగారం ఉన్నా ఉత్తదే.

మా ఊరి బడికి ఇప్పటికీ వెళ్తుంటాను. పత్తి అమ్మే రోజుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులను కలిపి కూర్చోబెట్టి ఒక లెక్క ఇచ్చాను, అది పూర్తిగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. 2025-26 సీజన్లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి ధర. అది దాటితే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 దాటితే సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కొనదు. ఒకరి పత్తి 12 శాతం దగ్గర ఉంది. ఇప్పుడే అమ్మాలా, ఇంకా ఆరబెట్టి అమ్మాలా?

అందరూ ముందు కోత లెక్కేశారు. నాలుగు శాతం, అంటే 324 రూపాయల 40 పైసలు. క్వింటాకు చేతికొచ్చేది 7,785 రూపాయల 60 పైసలు. "ఆరబెట్టాలి సార్" అని ఒకటే గోల. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె లేచింది: "ఆరితే తూకం తగ్గదా సార్?" నేను చాక్‌పీస్ ఆమెకిచ్చి పక్కకు జరిగాను.

నాలుగు శాతం తేమ పోతే 96 కిలోలు మిగులుతాయని చాలామంది రాశారు. 96 కిలోలకు పూర్తి ధర కడితే మళ్లీ అదే 7,785 రూపాయల 60 పైసలు. పైసతో సహా కలిసేసరికి అంతా ఆశ్చర్యపోయారు. ఆ అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. వంద కిలోల్లో 12 నీళ్లు, 88 ఉత్త పత్తి. ఆ 88 ఎక్కడికీ పోదు. 96 కిలోల్లో 88 పత్తి అయితే నీళ్లు 8 కిలోలు, కానీ 96లో 8 అంటే ఎనిమిది శాతం కాదు, ఇంకా ఎక్కువ. తేమ ఎనిమిది శాతానికి రావాలంటే 88 కిలోలు 92 శాతం కావాలి. అలా చేస్తే 95 కిలోల 650 గ్రాములు. డబ్బు 7,757 రూపాయలు. అంటే ఆరబెట్టినవాళ్లకు క్వింటాకు 28 రూపాయలు తక్కువ, పట్టా పరిచి తిరగేసిన కూలి కాక. శాతం దేని మీద కడుతున్నామన్నది చూడాలని ఏడాదంతా చెప్పినా ఎక్కనిది ఆ రోజు ఎక్కింది.

అంతలో ఒకడు, "మరి 14 ఉంటే?" అన్నాడు. 14 ఉంటే మద్దతు ధరే రాదు, బయట బేరగాడు చెప్పిన ధరకు ఇచ్చుకోవాలి. కాబట్టి 12 లోపలికి తెచ్చేదాకా ఆరబెట్టాలి, తెచ్చాక ఇంకా ఎండలో ఉంచి లాభం లేదు. మబ్బు పట్టి ఉంటే ఏం చేయాలి, ట్రాలీ పైన ఒక తేమ, అడుగున ఒక తేమ చూపిస్తే ఏది లెక్క అని కూడా వచ్చింది. ఆ చివరిదాన్ని సగటు పాఠానికి దాచుకోమని చెప్పాను. మిర్యాలగూడ మిత్రుడు అన్న టైమ్ సంగతి నిజమే, నాకు రెండు పీరియడ్లు పట్టాయి. కానీ ఆ తర్వాత శాతాల్లో మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సిన పని పడలేదు.

వడ్డీ గురించి. మేడం, పిల్లల్ని మీ ఇంట్లో అప్పెంత అని మాత్రం ఎప్పుడూ అడగకండి. మా పాలమూరులో అమ్మానాన్నలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వలస పోతే, అవ్వ దగ్గర ఉండి బడికొచ్చే పిల్లలున్నారు. వాళ్లకు అది లెక్క కాదు. నేను ఊళ్లో మాటతో మొదలుపెడతాను. నూటికి రూపాయి మిత్తి అంటే పుస్తకంలో సంవత్సరానికి ఎంత శాతం? సగం క్లాసు ఒక శాతం అంటుంది. నెలకు రూపాయి కాబట్టి 12 అని తేలాక, రెండు రూపాయల మిత్తి 24, మూడు రూపాయలది 36 అని వాళ్లే చెప్పుకుపోతారు. పావలా వడ్డీ అంటే 3 శాతం. తర్వాత ఎవరి ఇల్లూ కాని ఒక ఇల్లు తీసుకోండి: 50,000 కావాలి, పది నెలల్లో పంట డబ్బు వస్తుంది. రెండు రూపాయల మిత్తికి తెస్తే మిత్తే 10,000 కట్టాలి. పొదుపు సంఘంలో అయితే, బ్యాంకులో బంగారం పెడితే ఎంత? రేట్లు పిల్లలే కనుక్కొస్తారు. ఇంట్లో సంగతి చెప్పాలనుకున్న పిల్లవాడు తర్వాత మీ దగ్గరికి ఒక్కడే వచ్చి చెబుతాడు. వినండి.

సైన్స్ టీచర్, మర్రిగూడ మండలం:

చిన్న చేర్పు. మా వైపు ఫ్లోరైడ్ గురించి చెప్పకుండా నీళ్ల లెక్క చెప్పలేం. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' తయారు చేసింది. బకెట్టుకు ఇంత పటిక అయితే ట్యాంకుకు ఎంత అని అనుపాతం లెక్క ఇవ్వొచ్చు. ఒక్క జాగ్రత్త: రెండు బోర్ల నీళ్లు ఒకటి కావు. పటిక మోతాదు ఫ్లోరైడ్‌తో పాటు ఆ నీటి క్షారత మీద కూడా ఆధారపడుతుంది. అనుపాతం ఎక్కడి వరకు పనిచేస్తుందో చూపించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మాకు లేదు.

లెక్కల టీచర్, హాలియా వైపు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. జడ్చర్ల సారు పత్తి లెక్కను నేను కాగితం మీద వేసి చూశాను. 96 దగ్గర నేనూ కాసేపు ఆగాను, అందుకే పిల్లలకు అది ఇవ్వాలని ఇంకా గట్టిగా అనిపిస్తోంది.

సోమవారం ఇలా చేద్దామనుకుంటున్నాను. పుస్తకంలోని శాతం లెక్కలు నాలుగు ముందు చేయిస్తాను, మిర్యాలగూడ సారు చెప్పినట్టు చేయి తిరగడానికి. తర్వాత ఇద్దరు బేరగాళ్ల లెక్క. కూలి, కిరాయి, డబ్బు ఎప్పుడిస్తారు అనేవి నేను చెప్పను. ఏం తెలియాలో పిల్లలే అడగాలి, అడిగినవే చెబుతాను. ప్రతి గుంపూ తన జవాబుతో పాటు "మేం ఇవి వదిలేశాం" అని ఒక వాక్యం రాయాలి. వెనక బెంచీ అబ్బాయిని ఒక బేరగాడిగా నిలబెడతాను. ఇద్దరి సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టిన వాడికి మార్కు వేసేశాను.

నిడమనూరు అన్నా, మీ దగ్గర పాత తక్‌పట్టీలు (సరుకు అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీలు) ఉంటే పేర్లు, నంబర్లు కొట్టేసి ఫొటో పెట్టగలరా? తూకం, తరుగు, హమాలీ కనిపిస్తే చాలు. నేను రాసిన అంకెల కన్నా ఆ చీటీ మీద ఉన్న అంకెలను పిల్లలు ఎక్కువ నమ్ముతారు.

బత్తాయి రైతు, నిడమనూరు మండలం:

ఉన్నాయి మేడం, ట్రంకు పెట్టెలో కట్ట కట్టి పెట్టినం. మా పాపతో ఫొటోలు తీయించి రేపు పెడతా. ఒకదాంట్లో మాత్రం కోతలన్నీ పోను మిగిలింది నేను వేసిన లెక్కకు కలవలేదు. ఎక్కడ తేడా వచ్చిందో మాకు ఇంకా తేలలేదు. అది కూడా పంపుతా, మీ పిల్లలను చూడమనండి.